నాగరం నుంచి జడకుచ్చుల దాకా



కూచిపూడి భామాకలాపంలో సత్యభామ ముఖం కంటే ముందు ఆమె జడ కనిపిస్తుంది. ఇద్దరు మనుషులు చెరో కొస పట్టుకుని తెర నిలబెడతారు. తెర వెనక సత్యభామ. ఆ తెర మీదుగా, నిండా బిళ్లలతో, పొడవాటి జడ ఒకటి ఇవతలికి వాలుతుంది. చివర కుచ్చులు ఊగుతుంటాయి. పాత రోజుల్లో అలా జడ వెయ్యడమంటే పందెం కాయడమే. ఈ పాత్రలో తనను మించినవాళ్లు సభలో ఎవరైనా ఉంటే వచ్చి ఆ జడ కోసెయ్యవచ్చునని నటుడు విసిరే సవాలు అది.

నటుడు అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. సిద్ధేంద్రయోగి పేరుతో వస్తున్న ఆ కలాపాన్ని కూచిపూడి కుటుంబాల మగవాళ్లే తరతరాలుగా ఆడారు. వేదాంతం సత్యనారాయణశర్మకు దేశమంతటా పేరు తెచ్చింది సత్యభామ వేషమే. అంటే తెలుగునాట అన్నిటికంటే ఎక్కువ పేరు తెచ్చుకున్న జడ సొంత జుట్టుతో అల్లింది కాదు. సవరం పెట్టి, తాళ్లతో బిగించి, బిళ్లలు కుట్టి తయారుచేసింది. దాని మీద మెరిసేదంతా బంగారమూ కాదు. కూచిపూడి భాగవతులు తేలికపాటి బూరుగు కర్రతో చేసిన నగలు పెట్టుకునేవారు. కాగడా మీద గుగ్గిలం పొడి చల్లగానే మంట భగ్గున లేచేది. ఆ వెలుగులో పూత పూసిన కర్ర ముక్కే వడ్డాణమయ్యేది, రాగిడి అయ్యేది.

జడసామాను మాట వస్తే చాలామంది తూకం దగ్గరే ఆగిపోతారు. ఎన్ని కాసులు పట్టింది, రాళ్లు అసలువా కావా, తరుగు ఎంత పోయింది అని. అసలు విద్య నగ వెనక వైపు ఉంటుంది. ఏ కొక్కెం ఎక్కడ తగిలించాలి, ఏ దారం ఏ పాయలోంచి తియ్యాలి, బరువు తల మీద ఎక్కడ ఆనాలి అన్నది తెలిసిన చెయ్యి ఉంటేనే ఆ నగ జుట్టు మీద నిలుస్తుంది. ఇవాళ బజారులో పాత నమూనాల నగలకు కొదవ లేదు. కరువైపోతున్నది ఆ చెయ్యే.

పూర్తి జడసామానును పెట్టెలోంచి తీసి చాప మీద పరిచి చూస్తే ఈ సంగతి బోధపడుతుంది. ముందు పాపిట బిళ్ల, దానికి రెండు పక్కలా నుదుటి అంచు వెంబడి సాగే చేరు. పాపిటకు కుడివైపు సూర్యుడు, ఎడమవైపు చంద్రుడు. తల వెనక భాగాన గుండ్రటి రాగిడి. దాని కింద, జడ మొదలయ్యే చోట, పడగ విప్పిన నాగరం. అక్కణ్నుంచి జడ పొడవునా బిళ్లలు, పైన పెద్దవి, కిందికి దిగేకొద్దీ చిన్నవి. చిట్టచివర కుప్పెలు, వాటిలోంచి వేలాడే మూడు కుచ్చులు.

వీటిలో ఊరికే పెట్టుకున్నది ఒక్కటీ లేదు. రాగిడి కింద సవరం అతుకు దాగుతుంది. కుచ్చుల బరువుకు జడ నడుము మీద తిన్నగా వాలుతుంది, పిల్ల పరుగెత్తినా పక్కకు పోదు. చెంపసరాలనే తీసుకుంటే, చెవికి పెట్టిన బరువైన జుంకా తమ్మెను కిందికి లాగకుండా ఆ బరువును పైకెత్తి జుట్టుకు అప్పగించే ఏర్పాటు అది. దాన్ని కనిపెట్టిన కంసాలికి ఆడపిల్ల చెవి నొప్పి తెలిసి ఉండాలి.

తలకట్టు మీద ఇంత శ్రద్ధ ఈనాటిది కాదు. శాతవాహనుల కాలం నాటి అమరావతి శిల్పాల్లో స్త్రీల పాపిట మీద, నుదుటి మీద ఆభరణాలు స్పష్టంగా కనిపిస్తాయి. ఆ పలకల్లో చాలావి ఇప్పుడు చెన్నైలోనూ, లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలోనూ ఉన్నాయి. 1213 నాటి రామప్ప గుడిలో చూరు కింద నిలబడ్డ నల్లరాతి మదనికల తలకట్టు చూడటానికే ఒక పూట పడుతుంది. విజయనగరంలో మహర్నవమి ఉత్సవాలు కళ్లారా చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్, రాజుగారి అంతఃపుర స్త్రీలు తల మీద ఎత్తైన కుళ్లాయిలు పెట్టుకుని, వాటికి పెద్ద పెద్ద ముత్యాలతో చేసిన పువ్వులు తగిలించుకున్నారని రాసుకున్నాడు. అది 1520 ప్రాంతం మాట. ముత్యాన్ని పువ్వు చెయ్యడం అప్పటికే తెలుసునన్నమాట. చామంతి బిళ్ల చూసినా, మొగలిరేకు అచ్చులో పోసిన బిళ్ల చూసినా అదే వరస. ముందు జుట్టులోకి వచ్చినవి పువ్వులు. వాడిపోకుండా ఉండాలన్న కోరికతో వాటిని బంగారంలో పోసి ఉంటారు.

దక్షిణాదిన జడ కోసం చేసిన నగలన్నిటిలోకి పనితనం ఎక్కువున్నది జడనాగం. తెలుగు, తమిళ, కన్నడ దేశాల్లో సంపన్నుల ఇళ్లలో, దేవాలయాల్లో, నాట్యకత్తెల దగ్గర ఉండేది. పైన సూర్యుడిలాంటి రాగిడి, దాని కింద చంద్రవంక, ఆ కింద మొగలిపువ్వు, అక్కణ్నుంచి అనేక పడగల పాము. ఆ పాము ఒళ్లంతా ఒకే రేకు అయితే జడ కదిలినప్పుడల్లా కర్రలా వీపుకు కొట్టుకుంటుంది. అందుకని చిన్న చిన్న ముక్కలుగా చేసి, ఒకదానిలో ఒకటి ఇమిడేలా కీళ్లు పెట్టి, వెనక నుంచి కలిపారు. జడ ఎటు వంగితే నగ అటు వంగుతుంది. మొగలి పొదల్లో పాములు తిరుగుతాయని మన ఊళ్లలో నమ్మకం ఎలాగూ ఉంది. మొగలిపువ్వు పక్కనే నాగుపామును పెట్టిన శిల్పి మనసులో ఆ పొదే మెదిలి ఉంటుంది.

పాత నాగరం ఒకటి చేతికి వస్తే వెంటనే తిప్పి చూడాలి. ముందువైపు ఎర్రటి కెంపులు, నడుమ నడుమ పచ్చలు, తెల్లరాళ్లు. వెనకవైపు మూసేసిన రేకు. రాయి కింద పలచటి మెరుపు రేకు పరిచి, లోపలి ఖాళీని లక్కతో నింపి, అంచులు నొక్కిన పని అది. వెలుగు రాయిలోంచి దూరి ఆ రేకును తాకి వెనక్కి వస్తుంది కాబట్టి దీపం వెలుతురులో కూడా కెంపు నిప్పులా కనిపిస్తుంది. చేతిలోకి తీసుకుంటే, చూపులకు ఉన్నంత బరువు ఉండదు. లోపల లక్క ఉండటమే కారణం. రేకు అంచున, నాలుగు మూలలా తీగతో చేసి అతికిన చిన్న కడియాలుంటాయి. దారం వెళ్లే దారులు అవే. ఏళ్ల తరబడి వాడిన నగకు ఆ కడియాల లోపలి అంచు నున్నగా అరిగి ఉంటుంది. పాత నగను గుర్తుపట్టాలంటే ముందువైపు రాళ్ల కంటే వెనక ఆ అరుగుదలే నమ్మకమైన సాక్ష్యం.

ఈ పని ఇప్పటికీ నిలిచి ఉన్న చోటు ఒకటుంది. తమిళనాడు కన్యాకుమారి జిల్లాలో నాగర్‌కోయిల్ పక్కన వడశేరి. అక్కడి ఆలయ నగలకు భౌగోళిక గుర్తింపు దక్కింది. వెండి మీద బంగారు పూత, ఎర్రటి కెంపు రాళ్లు. భరతనాట్యం, కూచిపూడి నేర్చుకునే పిల్లల తలల మీద కనిపించే సూర్యచంద్రులు, రాగిడి అన్నీ ఆ సంప్రదాయం నుంచి వచ్చినవే. అమెరికాలో కూచిపూడి నేర్చుకునే తెలుగు పిల్లలు రంగప్రవేశానికి ఈ సెట్లు మన దేశం నుంచి తెప్పించుకుంటారు.

మన వైపు చూస్తే చిలకలపూడి ఉంది. మచిలీపట్నాన్ని ఆనుకుని ఉన్న ఈ ఊరు రోల్డ్‌గోల్డ్ నగలకు పెట్టింది పేరు. రాగి, ఇత్తడి మీద బంగారు పూత వేసిన గొలుసులు, గాజులు, లోలాకులు, దేవుడి కిరీటాలు, నాట్యం నగలు అక్కడి వీధుల్లో తయారవుతాయి. ఒకరు అచ్చు కొడతారు, ఒకరు తీగ తీస్తారు, ఇంకొకరు రాళ్లు పొదుగుతారు, మరొకరు పూత వేస్తారు. ఒక బిళ్ల పూర్తయ్యేలోగా ఎన్నో చేతులు మారుతుంది. చిలకలపూడి నగ అంటే చౌక నగ అని కొందరు తేలిగ్గా మాట్లాడతారు. ఆ మాట సరికాదు. బంగారం కొనే తాహతు లేని ఇళ్లలో కూడా పిల్లకు జడబిళ్లలు పెట్టి మురిసిపోయే భాగ్యం కలిగించింది ఆ ఊరే. నాట్యం నేర్పే గురువులకూ, నాటక సమాజాలకూ ఆ ఊరు చేసిన మేలు తక్కువది కాదు.

మిగతా చోట్ల కంసాలి కుంపట్లు ఆరిపోవడానికి ఒక్కటే కారణం చెప్పలేం కానీ, ఒక పెద్ద దెబ్బ తేదీతో సహా చెప్పవచ్చు. 1963లో కేంద్ర ప్రభుత్వం బంగారం నియంత్రణ నిబంధనలు తెచ్చింది. 14 క్యారెట్లకు మించిన స్వచ్ఛతతో కొత్త నగ చెయ్యకూడదంది. మెత్తటి మేలిమితో పని నేర్చుకున్న స్వర్ణకారులకు ఆ గట్టి లోహంతో చెయ్యి ఆడలేదు. ఎన్నో కుటుంబాలు పని మానుకున్నాయి. నిబంధన తర్వాత సడలింది, 1968లో చట్టమే వచ్చింది, చివరికి 1990లో రద్దయింది. ఆ పాతికేళ్లు దాటిన కాలంలో తండ్రి దగ్గర కొడుకు నేర్చుకోవలసిన పని చాలా ఇళ్లలో తెగిపోయింది. మరోపక్క, ఇంట్లో ఉన్న పాత నగ కరిగించి కొత్తది చేయించుకునేటప్పుడు ఎప్పుడో గాని పెట్టుకోని జడసామానే ముందు మూసలోకి వెళ్లేది. మెడలో గొలుసు రోజూ కనిపిస్తుంది, నాగరం ఏడాదికొకసారి. ఏది పోతుందో వేరే చెప్పాలా.

బంగారం లేని జడకూ మనవాళ్లు అంతే మర్యాద చేశారు. వేసవి వచ్చి మల్లెలు విరగబూసే రోజుల్లో ఆడపిల్లకు పూలజడ వెయ్యడం చాలా ఇళ్లలో వేడుక. అరటిబోదె నుంచి పట్ట ఒలిచి, జడ పొడవునా కోసి, దాని మీద విడీవిడని మొగ్గలను సూదీదారంతో వరసగా కుడతారు. మొగ్గల మొనలన్నీ ఒకవైపుకే తిరగాలి. నడుమ కనకాంబరాలతో గళ్లు, మరువంతో అంచు. తర్వాత ఆ పట్టను జడకు కట్టేస్తారు. వానాకాలం వస్తే మొగలిరేకుల జడ. రేకు అంచున ముళ్లు ఒలిచేసి, మడత పెట్టి, ఒక మడతలో ఇంకొకటి దూర్చుకుంటూ పోవాలి. చేతులు గీసుకుపోయినా రెండు రోజులు తల గుబాళిస్తుంది.

పూలజడ వేసిన రోజు తప్పనిసరిగా స్టూడియోకు వెళ్లేవారు. ఫొటోగ్రాఫర్ పిల్లను ఒక పక్కగా నిలబెట్టి, వెనక నిలువుటద్దం పెట్టేవాడు. ఒకే ఫొటోలో ముందు ముఖమూ, అద్దంలో జడా పడేవి. ఎన్నో తెలుగు ఇళ్లలో ఆ నలుపు తెలుపు ఫొటోలు ఇంకా ఉన్నాయి. వాటిని భూతద్దం పెట్టి చూస్తే జడసామాను చరిత్ర మొత్తం దొరుకుతుంది. బిళ్లలు ఎన్ని వరసలు, రాగిడి ఎంత ఎత్తున ఉంది, కుచ్చులు పట్టువా ఊలువా, సవరం ఎక్కడ కలిసింది. నగ కరిగిపోయిన ఇంట్లో కూడా దాని పోలిక ఆ అద్దంలో మిగిలింది. అలాంటి ఫొటో ఉన్నవాళ్లు దాన్ని పారెయ్యకూడదు.

సవరం సంగతి చెప్పకుండా జడ గురించి మాట్లాడటం కుదరదు. తల దువ్వుకున్నప్పుడు రాలిన వెంట్రుకలను చుట్ట చుట్టి గోడ సందులో దాచుకునే అలవాటు పల్లెటూళ్లలో ఉండేది. పూసల కులస్థులు బుట్ట నెత్తిన పెట్టుకుని వీధుల్లోకి వచ్చేవారు. వాళ్ల దగ్గర సూదులు, పిన్నీసులు, పూసలు, దువ్వెనలు, ఈరుపెనలు, రిబ్బన్లు, చెంపపిన్నులు అన్నీ దొరికేవి. దాచిన వెంట్రుకలు తీసుకుని బదులుగా సరుకు ఇచ్చేవారు. ఆ చిక్కు విప్పి, వెంట్రుకలను పొడవు వారీగా వేరుచేసి, కుదుళ్లు ఒకవైపుకు తెచ్చి, దారంతో కట్టి సవరం చెయ్యడం ఎంతో ఓపిక కావలసిన పని. ఇవాళ జుట్టు పెద్ద వ్యాపారమే. తిరుమలలో భక్తులు ఇచ్చిన తలనీలాలను పొడవును బట్టి రకాలుగా విడదీసి దేవస్థానం వేలం వేస్తుంది. ఇక పెళ్లిళ్ల సీజన్‌లో మన బజార్లలో ఎక్కువగా అమ్ముడుపోయేది నైలాన్ సవరం. అది మెరుస్తుంది, జారిపోతుంది కూడా. కొనేటప్పుడు అసలు జుట్టు కలిసినదో కాదో అడిగి తీసుకోవడం మంచిది. బిళ్లల బరువు మొయ్యాలంటే సవరానికి పట్టు ఉండాలి.

తలకట్టు మీద ఇంత కష్టపడింది జడ వేసుకునేవాళ్లే అనుకుంటే పొరపాటు. లంబాడీ స్త్రీల తల చూడండి. చెంపల దగ్గర జుట్టును పాయలుగా అల్లి, ఆ పాయలకు ఘుగ్రీ, టోప్లీ అనే నగలు కట్టి రెండు వైపులా వేలాడదీస్తారు. వాటిని చూస్తే పెళ్లయిన స్త్రీ అని తండాలో తెలిసిపోతుంది. నడుస్తుంటే చిన్న గజ్జెలు మోగుతాయి. హైదరాబాదు ముస్లిం పెళ్లికూతురు పాపిటకు ఎడమ పక్కన విసనకర్రలా విచ్చుకునే ఝూమర్ పెట్టుకుంటుంది. ముత్యాల వరసలు దాని అందం. ఇవన్నీ ఒకే నేల మీద పక్కపక్కనే బతికిన పద్ధతులు. జడసామాను పుస్తకం ఎవరైనా రాస్తే వీటికి చివర్లో ఒక పేరా కాదు, సమానంగా అధ్యాయాలు ఇవ్వాలి.

సినిమా వచ్చాక జడకు మళ్లీ యౌవనం వచ్చింది. 1957లో ‘వినాయక చవితి’, 1966లో ‘శ్రీకృష్ణ తులాభారం’ సినిమాల్లో సత్యభామగా జమున కనిపించాక తెలుగువాళ్లకు సత్యభామ అంటే ఆమే అయిపోయింది. జడ ఒక విసురు విసిరితే అలకా, గర్వమూ రెండూ తెలిసిపోయేవి. బాపు గీసిన అమ్మాయిల వాలుజడలు పత్రికల ముఖచిత్రాల మీద మరో తరాన్ని అలరించాయి.

మరి ఇవాళ ఎవరు పెట్టుకుంటారు, ఎలా పెట్టుకుంటారు? భుజాల దాకా కత్తిరించిన జుట్టుకు నాగరం ఎక్కడ? ఈ ప్రశ్నకు జవాబు కూచిపూడి మగవాళ్లు ఎప్పుడో చెప్పేశారు. జుట్టు ఎంత ఉన్నా జడ కట్టవచ్చు. కట్టే వరస తెలియాలి, అంతే. ముందు ఉన్న జుట్టునంతా వెనక్కి దువ్వి, మెడ కంటే కొంచెం ఎత్తున గట్టి నల్లతాడుతో ముడి వెయ్యాలి. సవరం పై కొసకు ఉన్న ఉచ్చును ఆ ముడిలోకి దూర్చి, యు ఆకారపు పిన్నులతో అడ్డంగా బిగించాలి. తర్వాత సొంత జుట్టూ సవరమూ కలిపి మూడు పాయలు. బిళ్లలను దారంతో కుట్టేటప్పుడు సూది జడ నడుమ లోంచి పోకూడదు. పక్క పాయల అంచు పట్టుకుని పోవాలి. నడుమ లోంచి కుడితే విప్పేటప్పుడు జుట్టు తెగుతుంది. నాగరం కడియాల్లోంచి వచ్చిన దారాన్ని జడకే కట్టేసి ఊరుకుంటే బరువంతా కుదుళ్ల మీద పడుతుంది. ఆ దారాన్ని పైకి తీసుకెళ్లి, తల చుట్టూ కట్టిన నల్ల పట్టీకి ముడెయ్యాలి. బరువు తల మొత్తం మీద పంచుకుపోతుంది.

ఇది సౌకర్యం కోసం మాత్రమే చెప్పే మాట కాదు. రోజుల తరబడి బరువుతో జుట్టును లాగి బిగిస్తే నుదుటి అంచునా చెంపల దగ్గరా జుట్టు పలచబడుతుందని చర్మవైద్యులు హెచ్చరిస్తారు. తలనొప్పి మొదలైందంటే కట్టు తప్పుగా ఉందని అర్థం. అందం కోసం ఓర్చుకోవాలని పిల్లలకు చెప్పడం తప్పు. విప్పి మళ్లీ కట్టాలి.

పూర్తి జడ వేసుకునే వీలు లేనివాళ్లకూ దారి ఉంది. కిందికి చుట్టిన చిన్న సిగ మీద రాగిడి ఒక్కటీ పెట్టినా నిండుగా ఉంటుంది. పాపిట బిళ్లను పట్టుచీరకే అట్టిపెట్టనక్కర్లేదు, నేతచీర మీద ఇంకా బాగుంటుంది. ఒక్క విషయంలో మాత్రం గట్టిగా చెప్పాలి. నాగరానికీ జడబిళ్లలకూ వెనక ఉన్న కడియాలు కోయించి, పైన కొక్కెం అతికించి లాకెట్టు చేయించుకోవడం ఈమధ్య ఎక్కువైంది. అలా చేస్తే అది మళ్లీ జడకెక్కదు. అతికేటప్పుడు తగిలే వేడికి లోపలి లక్క కరిగి రాళ్లు కదులుతాయి. మెడలో వేసుకోవాలనిపిస్తే ఉన్న కడియాల్లోంచే పట్టుతాడు దూర్చుకుంటే సరిపోతుంది.

తయారీకి వస్తే, ఇంట్లో కూర్చుని ఎవరైనా చేసుకోగలిగినవి జడకుచ్చులు. కావలసింది నల్ల పట్టుదారం, కొంచెం జరీదారం, మూడు చిన్న కర్రపూసలు, మూడు కుప్పెలు. కుప్పెలు దొరక్కపోతే జుంకాలకు వాడే గిన్నెలాంటి ముక్కలు నగల దుకాణాల్లో విడిగా అమ్ముతారు, పైన కన్నం ఉన్నవి చూసుకోవాలి. జానెడు వెడల్పు అట్ట తీసుకుని దాని చుట్టూ దారాన్ని నూరు చుట్లు చుట్టాలి. బిగించి చుడితే తర్వాత కుచ్చు ముడుచుకుపోతుంది, కాబట్టి వదులుగానే. పై అంచున ఆ చుట్లన్నిటి కిందుగా విడి దారం ఒకటి దూర్చి గట్టి ముడి వేసి, కొసలు పొడవుగా వదలాలి. కింది అంచున కత్తెరతో కొయ్యాలి. ఇప్పుడు కర్రపూసను పై ముడి కింద, దారాల మధ్యలో ఉంచి, పూస కిందుగా జరీదారంతో ఏడెనిమిది చుట్లు చుట్టి మెడ కట్టాలి. కుచ్చుకు గుండ్రటి తల వస్తుంది. వదిలిన కొసలను కుప్పె కన్నంలోంచి పైకి లాగితే ఆ తల కుప్పెలో ఇమిడిపోతుంది.

అలా మూడు చేశాక, మూడింటి కొసలనూ విడివిడిగా పేని, జానెడు పొడవున మూడు తాళ్లుగా ఉంచుకోవాలి. జడ చివరి భాగం అల్లేటప్పుడు ఒక్కో పాయకు ఒక్కో తాడు కలిపి అల్లుకుంటూ వచ్చి, కొసన ముడి వెయ్యాలి. ఇక రబ్బరు బ్యాండుతో పని లేదు. కుచ్చు అడుగు సమంగా రావాలంటే ఆవిరి చూపించి, దువ్వి, చుట్టూ కాగితం బిగించి అప్పుడు కత్తిరించాలి. పూసలు కలపాలనుకునేవాళ్లకు శ్రీకాళహస్తి దగ్గరి పాపానాయుడుపేట పేరు తెలిసే ఉంటుంది. కరిగిన గాజును గొట్టంలా సాగదీసి చిన్న పూసలుగా కోసే ప్రాచీన విద్యకు ప్రసిద్ధమైన ఊరది.

కొప్పుపుల్లలకు ఏటికొప్పాక పనితనం చక్కగా సరిపోతుంది. అనకాపల్లి జిల్లాలోని ఆ ఊరి లక్కబొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అక్కడ సహజ రంగులను మళ్లీ వాడుకలోకి తేవడానికి ఏళ్ల తరబడి శ్రమించిన సి.వి.రాజుకు 2023లో పద్మశ్రీ దక్కింది. తిరుగుతున్న అంకుడు కర్రకు రంగు కలిపిన లక్కకడ్డీ ఆనిస్తే, ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రకు పట్టేస్తుంది. పసుపు నుంచి పసుపుపచ్చ, జాఫ్రా గింజల నుంచి నారింజ, నీలిమందు నుంచి నీలం. ఆఖర్న మొగలాకుతో రుద్ది మెరుగు తెస్తారు. జుట్టులోకి వెళ్లే వస్తువుకు రసాయనపు రంగు కంటే ఆ రంగు ఎంతో మేలు.

పాత సామాను దాచుకునేవాళ్లకు నాలుగు మాటలు. వెనక మూసిన నగను నీళ్లలో నానబెట్టకూడదు. తడి లోపలికి దిగితే రాయి కింది రేకు నల్లబడుతుంది, కెంపు కళ్లు మూసుకుంటుంది. కుంకుడు రసంలో గుడ్డ కొస ముంచి, గట్టిగా పిండి, పైపైన తుడిచి, వెంటనే ఆరిన గుడ్డతో అద్దితే చాలు. అత్తరు, స్ప్రేలు నగ పెట్టుకోకముందే చల్లుకోవాలి. ఒక్కో బిళ్లను విడిగా మెత్తటి నూలుగుడ్డలో చుట్టాలి. పాత దారం చివికిందని తీసి పారేసేముందు అది ఏ కడియంలోంచి ఎలా వెళ్లిందో ఫొటో తీసి పెట్టుకోవాలి. ఆ దారపు దారే కట్టు రహస్యం.

శ్రోతలకు ఒక్క విన్నపం. మీ ఇంట్లో అమ్మమ్మో, నాయనమ్మో, పెద్దత్తయ్యో జడ కట్టడం తెలిసినవారు ఉంటే, ఈ ఆదివారం వాళ్ల ఎదుట కూర్చోండి. నగ లేకపోయినా ఫరవాలేదు, అట్టముక్కలు గుండ్రంగా కత్తిరించి బిళ్లలనుకోండి. వాళ్ల చేతులు ఏం చేస్తున్నాయో మొదటి నుంచి చివరి దాకా ఫోన్‌లో వీడియో తియ్యండి. ఒక్కో వస్తువుకు వాళ్లు పిలిచే పేరు వాళ్ల నోటే చెప్పించి రికార్డు చెయ్యండి, మీ ఊరి పేరు ఇంకో ఊళ్లో ఉండకపోవచ్చు. తర్వాత మీరే ఒకసారి కట్టి, తప్పుంటే వాళ్లతో దిద్దించుకోండి. లాకర్‌లో నాగరం ఉంటే ఈసారి పెళ్లికి బయటికి తీయించండి.